108లో ఈఎంటీ ట్రైనింగ్ మొదలయ్యేలోపు ఏం నేర్చుకోవాలి?

ప్రశ్న: అన్నా, మాది మార్కాపురం దగ్గర పల్లె. పదో తరగతి దాకా తెలుగు మీడియం, తర్వాత బీఎస్సీ బీజెడ్‌సీ చేశాను. అంబులెన్స్‌లో ఈఎంటీ (ఎమర్జెన్సీ మెడికల్ టెక్నీషియన్) ట్రైనింగ్‌కి ఎంపికయ్యాను, ఇంకో నెలలో మొదలవుతుంది. తెలిసిన సీనియర్ ఒకరు ఇచ్చిన ఇంగ్లీషు పుస్తకం వెయ్యి పేజీలకు పైనే ఉంది. మూడు రోజులు ఎముకల పేర్లు బట్టీ పట్టాను, నాలుగో రోజుకు సగం మర్చిపోయాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. ఇంకో సంగతి, రక్తం చూస్తే నాకు కళ్లు తిరుగుతాయి. ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఉబ్బసంతో ఉన్న నాయనమ్మ, కూలికెళ్లే అమ్మ ఉన్నారు, ఈ ఉద్యోగం నాకు చాలా అవసరం. నేను దీనికి పనికొస్తానా?

జవాబు: తమ్ముడూ, చివర అడిగినదానికే ముందు చెబుతాను. పనికొస్తావు. రక్తం సంగతి కింద మాట్లాడుకుందాం, నాకు అంతకన్నా ఎక్కువ దిగులు నువ్వు చదువు మొదలుపెట్టిన తీరు చూస్తే కలిగింది. ఆ ఎముకల లిస్టు ఈ నెలకు మూసెయ్. పన్నెండేళ్లు అంబులెన్స్‌లో తిరిగి ఇప్పుడు కొత్తవాళ్లకు పాఠాలు చెబుతున్నాను, మణికట్టులో ఉండే ఎనిమిది ఎముకల పేర్లు మాకు గుర్తురాక పోయిన ప్రాణం ఒక్కటీ లేదు. నాలుక వెనక్కి జారి గాలి ఆగిపోయిందని పక్కనున్నవాళ్లకు తెలియక పోయిన ప్రాణాలు మాత్రం చూశాను. పేర్లు ట్రైనింగ్‌లో బొమ్మ ముందు పెట్టి చెబుతారు, అప్పుడు అవే వస్తాయి.

ప్రస్తుతానికి ఒక్క దారి గుర్తుపెట్టుకో. బయటి గాలి ముక్కు, నోరు, గొంతు గుండా ఊపిరితిత్తుల్లోకి చేరాలి. అక్కడ ఆక్సిజన్ రక్తంలోకి ఎక్కాలి. ఆ రక్తాన్ని గుండె మెదడు దాకా తొయ్యాలి. ఈ దారి పూర్తిగా ఆగిపోతే నాలుగైదు నిమిషాల్లో మెదడు దెబ్బతినడం మొదలవుతుంది. ఎయిర్‌వే, బ్రీతింగ్, సర్క్యులేషన్ అని రోజూ నీ చెవిలో పడబోయే ఏ-బీ-సీ ఈ దారే, ఆ వరసలోనే.

ఇక ఆ పుస్తకంలో ఏ పాఠం తీసినా "ఇది ఆ దారిలో ఎక్కడ దెబ్బ కొడుతుంది?" అని అడుగు. ఉబ్బసం ఊపిరితిత్తుల్లోని సన్నటి గాలి గొట్టాలను బిగిస్తుంది. పురుగుల మందు తాగినవాళ్లకు నోట్లో చొంగ, ఊపిరితిత్తుల్లో నీరు ఊరిపోయి గాలికి చోటే ఉండదు, కంటిపాపలు ఆవగింజంత అయిపోతాయి, ఊపిరి తీసే కండరాలు కూడా పట్టు తప్పుతాయి. (అలాంటి కేసులో ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు తాగించి కక్కించబోయే బంధువులు దాదాపు ప్రతిసారీ ఉంటారు, మర్యాదగా ఆపాలి. ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మందు పడిన బట్టలు తీసేసి ఒళ్లు కడగాలి, నీ చేతికి గ్లవుజులు ఉండాలి.) కట్లపాము రాత్రిపూట నేల మీద పడుకున్నవాళ్లను కరిస్తే గాటు సరిగ్గా కనిపించదు, వాపు రాదు. తెల్లవారుజామున కడుపునొప్పి అంటారు, కాసేపటికి కనురెప్పలు వాలిపోతుంటాయి, ఆ తర్వాత ఊపిరి తీసే కండరాలు పడిపోతాయి. రక్తపింజరి విషం ఇదే దారిలో ఇంకోచోట పనిచేస్తుంది, రక్తాన్ని గడ్డకట్టనివ్వదు. ఏ పామైనా తాడు బిగించడం, బ్లేడుతో కోయడం వద్దు, కరిచిన చోటు కదలకుండా పడుకోబెట్టి యాంటీవీనమ్ (పాము విషానికి విరుగుడు మందు) ఉన్న ఆస్పత్రికి చేర్చడమే. చూశావా, నాలుగు పాఠాలు ఒకే ప్రశ్నతో అయిపోయాయి, ఇందులో బట్టీ పట్టాల్సింది పెద్దగా లేదు.

గాలి దారి దగ్గర కాస్త ఆగుదాం, కొత్తవాళ్లు ఎక్కువగా తడబడేది ఇక్కడే. స్పృహ తప్పి వెల్లకిలా పడి ఉన్న మనిషికి నాలుక పట్టు వదిలేసి గొంతు వెనక్కి జారుతుంది, గురక వస్తుంది. చుట్టూ ఉన్నవాళ్లు "నిద్రపోతున్నాడు, కదపొద్దు" అంటారు. స్పృహ లేని మనిషి గురక పెడుతున్నాడంటే గాలి దారి సగం మూసుకుపోయిందని లెక్క. నుదుటి మీద ఒక చెయ్యి వేసి తలను వెనక్కి వంచి, రెండో చేతి వేళ్లతో గడ్డం ఎముకను పైకెత్తితే చాలాసార్లు ఆ గురక అక్కడికక్కడే ఆగిపోవడం నీ చెవులతో వింటావు. మెడకు దెబ్బ తగిలిందన్న అనుమానం ఉంటే తల వంచకుండా దవడను మాత్రం ముందుకు తొయ్యాలి. గరగరమని నీళ్ల చప్పుడు వస్తే అది వేరే సంగతి, లోపల రక్తమో వాంతో ఉంది, సక్షన్ (దాన్ని బయటికి పీల్చేసే గొట్టం) పెట్టాలి, ఒక్కోసారికి పదిహేను సెకన్లు మించకుండా.

ఇంకొకటి ఎగశ్వాస. గుండె ఆగిపోయాక కూడా కొందరు మధ్యమధ్యలో నోరు తెరిచి గాలిని ఎగపీలుస్తారు. ఇంట్లోవాళ్లు "ఇంకా ఊపిరుంది, ఛాతీ నొక్కకండి" అని నీ చెయ్యి పట్టుకుంటారు. దాన్ని ఊపిరి కింద లెక్కపెట్టొద్దు. పిలిస్తే పలకడం లేదు, ఊపిరి లేదు లేదా ఎగశ్వాస మాత్రమే ఉంది, పది సెకన్లలో మెడ దగ్గర పల్స్ దొరకలేదు అంటే సీపీఆర్, అంటే ఛాతీ నొక్కి శ్వాస ఇవ్వడం, మొదలుపెట్టడమే. రొమ్ము ఎముక కింది సగం మీద, నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకు 5 సెంటీమీటర్ల లోతు, 6 దాటకుండా. నొక్కిన ప్రతిసారీ ఛాతీని పూర్తిగా పైకి రానివ్వాలి, లేకపోతే గుండెలోకి రక్తం తిరిగి నిండదు. ముప్పై నొక్కుళ్లకు రెండు శ్వాసలు. రెండు నిమిషాలకోసారి మనిషి మారాలి, ఎంత బలమైనవాడికైనా ఆపాటికి లోతు తగ్గిపోతుంది, తగ్గినట్టు తనకు తెలియదు కూడా. అంబు బ్యాగ్‌తో (చేత్తో పిండి ఊపిరి ఇచ్చే సంచి) గాలి ఇచ్చేటప్పుడు ఛాతీ కొద్దిగా లేస్తే చాలు, టెన్షన్‌లో గట్టిగా పిండేస్తే గాలి పొట్టలోకి పోయి వాంతి అవుతుంది. ఇంట్లో గట్టి దిండు ఒకటి నేల మీద వేసుకుని సెల్‌ఫోన్‌లో స్టాప్‌వాచ్ పెట్టుకుని ఆ వేగం చేతికి అలవాటు చేసుకో. మనుషుల మీద మాత్రం సరదాకి కూడా ప్రయత్నించకు.

ఇప్పుడు ఈ నెలలో నువ్వు చెయ్యాల్సిన అసలు పని. ఒక నోట్‌బుక్ కొనుక్కుని, ఏ జబ్బూ లేని యాభై మంది పల్స్, ఊపిరి లెక్కపెట్టి రాయి. అమ్మ, పక్కింటివాళ్లు, రచ్చబండ దగ్గర కూర్చునే పెద్దలు, పొలం నుంచి అప్పుడే వచ్చినవాళ్లు, పసిపిల్లలు, అందరివీ. మామూలుగా ఉన్న ఒళ్లు ఎలా ఉంటుందో చేతికి తెలియకపోతే తేడా వచ్చిన ఒళ్లు ఎప్పటికీ తెలియదు, ఇది నేను గట్టిగా నమ్మే మాట. బొటనవేలి వైపు మణికట్టు మీద రెండు మూడు వేళ్లు ఆనించు, నీ బొటనవేలు వాడకు, దానికి సొంత పల్స్ ఉంటుంది. ముప్పై సెకన్లు లెక్కపెట్టి రెండుతో గుణించు, లయ తప్పుతుంటే నిమిషం మొత్తం లెక్కపెట్టు. పెద్దవాళ్లకు 60 నుంచి 100. ఊపిరి 12 నుంచి 20. అప్పుడే పుట్టిన బిడ్డకు పల్స్ 120 నుంచి 160 దాకా, ఊపిరి 30 నుంచి 60 దాకా ఉంటుంది, పెద్దవాళ్లలో ప్రాణం మీదికొచ్చే అంకె పసిబిడ్డకు మామూలే అన్నమాట. ఊపిరి లెక్కపెడుతున్నానని ఎదుటివాళ్లకు చెప్పకు, చెబితే తీరు మారిపోతుంది. పల్స్ చూస్తున్నట్టే చెయ్యి పట్టుకుని కూర్చుని కళ్లతో ఛాతీని చూస్తూ లెక్కపెట్టు. ఆ చెయ్యి వెచ్చగా ఉందా చల్లగా ఉందా, పొడిగా ఉందా చెమటగా ఉందా, అదీ రాయి.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, నా మొదటి ఏడాదిలో ఒక సాయంత్రం బైక్ జారి పడిన కుర్రాడి దగ్గరికి వెళ్లాం. మోకాళ్ల మీద గీతలు తప్ప పైకేమీ కనిపించలేదు. బాగానే మాట్లాడుతున్నాడు, ఫోన్ పగిలిపోయిందని బాధపడుతున్నాడు. బీపీ 114/92 వచ్చింది. పర్లేదు అని రాసుకుని నేను మోకాళ్లకు కట్టు కట్టడంలో పడ్డాను. మా పైలట్, 108లో డ్రైవర్‌ని పైలట్ అంటాం, స్ట్రెచర్ మీదికి ఎక్కించేటప్పుడు ఆ కుర్రాడి చెయ్యి పట్టుకుని నా వైపు తిరిగి "చెయ్యేంటి ఇంత చల్లగా ఉంది?" అన్నాడు. మే నెల, రోడ్డు ఇంకా సెగలు కక్కుతోంది. అప్పుడు పట్టుకున్నాను. మంచు ముద్దలా చల్లగా, జిగటగా తడిసి ఉంది, పల్స్ సన్నటి దారంలా కొట్టుకుంటోంది, 128. అంతకుముందు రెండుసార్లు దాహం అని నీళ్లడిగాడు, నేను విన్నాను, పట్టించుకోలేదు. హ్యాండిల్ పొట్టకు తగిలి ప్లీహం చిట్లిందని ఆస్పత్రిలో తేలింది, లోపలే రక్తం పోతోంది. ఆపరేషన్ చేశారు, బతికాడు. ఆ పైలట్ చెయ్యి పట్టుకోకపోతే నేను ఆ రోజు తాపీగా తీసుకెళ్లేవాణ్ని.

పెద్ద మనిషి ఒంట్లో దాదాపు ఐదు లీటర్ల రక్తం ఉంటుంది. అందులో పదిహేను శాతం పోయినా పైకి పెద్దగా తేడా కనిపించకపోవచ్చు. పదిహేను నుంచి ముప్పై శాతం మధ్య గుండె వేగం పెంచుతుంది, చర్మానికి వెళ్లే రక్తనాళాలను శరీరమే బిగించేసి ఉన్న రక్తాన్ని మెదడుకీ గుండెకీ మళ్లిస్తుంది, అందుకే చెయ్యి చల్లబడుతుంది, బీపీ పై అంకె కిందపడకుండా నిలబడుతుంది, పైనా కిందా అంకెలు దగ్గరపడతాయి. ముప్పై శాతం దాటాకే బీపీ పడిపోతుంది. అంటే బీపీ పడిందంటే శరీరం చెయ్యగలిగిందంతా చేసి ఓడిపోతోందని. మా బ్యాచ్‌లకు ఈ పేరా నేను మూడుసార్లు చదివిస్తాను.

ఇక పేషెంట్‌ని అడగాల్సినవి. ట్రైనింగ్‌లో శాంపుల్ అని ఒక ఇంగ్లీషు గుర్తు చెబుతారు, నువ్వు దాన్ని మీ ఊరి మాటల్లో పెట్టుకో: ఏం బాధగా ఉంది, ఏదైనా మందు పడదా, రోజూ ఏ మాత్రలు వేసుకుంటారు, ఇంతకుముందు జబ్బులున్నాయా, చివరిగా ఎప్పుడు తిన్నారు, ఇది మొదలైనప్పుడు ఏం చేస్తున్నారు. "ఎప్పుడు తిన్నారు" అనే ప్రశ్న చాలామంది వదిలేస్తారు. రోడ్డు పక్కన ఒళ్లంతా చెమటతో, ముద్ద ముద్దగా మాట్లాడుతూ తూలుతున్న మనిషిని జనం తాగుబోతు అనేస్తారు, గ్లూకోమీటర్ పెడితే షుగర్ 70కి ఎంతో కింద ఉంటుంది, ఇన్సులిన్ వేసుకుని అన్నం తినలేదు అంతే. మూతి వంకరపోయి, చెయ్యి పడిపోయి పక్షవాతంలా కనిపించేవాళ్లలో కూడా ముందు షుగర్ చూడాలి. అది నిజంగా పక్షవాతమే అయితే చివరిసారి మామూలుగా ఎప్పుడు ఉన్నారో టైమ్ రాసుకో, రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ సాధారణంగా నాలుగున్నర గంటల లోపే ఇస్తారు, డాక్టర్ మొదట అడిగేది ఆ టైమే.

ఇంగ్లీషు గురించి దిగులుపడకు. వైద్యంలో పెద్ద పదాలన్నీ చిన్న ముక్కలు అతికించినవే. టాకీ అంటే వేగం, బ్రాడీ అంటే నెమ్మది, హైపో తక్కువ, హైపర్ ఎక్కువ, కార్డియా గుండె, ప్నియా ఊపిరి, గ్లైసీ చక్కెర, ఈమియా రక్తం. టాకీకార్డియా, బ్రాడీప్నియా, హైపోగ్లైసీమియా, ఇవి ఇప్పుడు నీకు నువ్వే విప్పుకోగలవు. ఇలాంటి ముక్కలు ఓ అరవై నేర్చుకుంటే పుస్తకం సగం తెలుగులా కనిపిస్తుంది. దానికి తోడు పేషెంట్ భాష నీకు పుట్టుకతో వచ్చింది, అది ఎవరూ నేర్పలేరు. "గాలి ఆడట్లేదు", "గుండె దడదడలాడుతోంది", "ఎదురు రొమ్ము పట్టేసింది", "గ్యాస్ పైకి తన్నుతోంది" అన్నప్పుడు ఆ మాట వెనక ఏముందో నీకు ఇట్టే అర్థమవుతుంది. ఆ చివరిదాన్ని జాగ్రత్తగా విను, యాభై దాటిన మనిషి, షుగర్ ఉన్న మనిషి చెమటలు పోస్తూ గ్యాస్ అంటుంటే గుండెపోటు అనే అనుకుని మొదలుపెట్టాలి.

తెలుగు మీడియంవాణ్ని అని రాశావు కాబట్టి ఒక సంగతి. 1967లో అమెరికాలోని పిట్స్‌బర్గ్‌లో ఫ్రీడమ్ హౌస్ అని ఒక అంబులెన్స్ సర్వీసు మొదలైంది. సీపీఆర్‌ను తీర్చిదిద్దినవాళ్లలో ముఖ్యుడైన డాక్టర్ పీటర్ సాఫర్, అక్కడి హిల్ డిస్ట్రిక్ట్ అనే పేదపేటలో పనిలేక తిరుగుతున్న నల్లజాతి యువకులను తీసుకుని ట్రైనింగ్ ఇచ్చాడు, వాళ్లలో హైస్కూల్ పూర్తి చేయనివాళ్లు కూడా ఉన్నారు. అంతకుముందు అంబులెన్స్ అంటే అక్కడ మనిషిని ఎక్కించుకుని పరుగెత్తే బండి మాత్రమే, దారిలో వైద్యం చేసే పద్ధతికి ఈ కుర్రాళ్లు దారి వేశారు. మన దగ్గర 108 హైదరాబాద్‌లో 2005 ఆగస్టు 15న మొదలైంది, ఆ పని ఇప్పుడు నీ చేతికి రాబోతోంది. డిగ్రీ చేసినవాడివి, నీకేం తక్కువ?

ఇంకో రెండు సంగతులు త్వరగా చెప్పేస్తాను. ఏ చోటికి వెళ్లినా ముందు నువ్వు బతికి ఉండాలి. బావిలో పూడిక తీయడానికి దిగినవాడు పడిపోతే, కాపాడబోయి రెండోవాడు, మూడోవాడు వరసగా పోయిన కేసులు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి, లోపల ఆక్సిజన్ లేదు లేదా విషవాయువు ఉంది. ఫైర్ వాళ్లు వచ్చేదాకా నువ్వు దిగవు, ఎవరు తిట్టినా సరే. తెగిన కరెంటు తీగ దగ్గరా అంతే. రెండోది, గర్భిణుల కాల్స్ చాలా వస్తాయి, కాన్పు బండిలోనే అయిపోవచ్చు. బిడ్డను పొడిగుడ్డతో తుడిచి తల్లి ఒంటికి ఆనించి కప్పడం, మాయ కోసం బొడ్డుతాడు లాగకపోవడం, తల్లికి రక్తం అర లీటరు దాటిపోతోందేమో కనిపెట్టుకుని ఉండటం, ఈ మూడూ ముందే మనసులో పెట్టుకో. ఏ కేసులోనైనా తోచకపోతే కాల్ సెంటర్‌లో ఉండే డాక్టర్‌కి ఫోన్ చెయ్యి, అది చిన్నతనం కాదు, పద్ధతే అది. ఆక్సిజన్ మాత్రం డ్యూటీ ఎక్కగానే చూసుకో. బి టైప్ సిలిండర్ నిండుగా ఉంటే దాదాపు 1500 లీటర్లు, నిమిషానికి 10 లీటర్ల చొప్పున పెడితే రెండున్నర గంటలు, సగం ఉంటే గంటా పావు. మీ వైపు ఊళ్ల నుంచి ఒంగోలు దాకా ఎంతసేపు పడుతుందో నీకే తెలుసు.

రక్తం సంగతి. చూడగానే కొందరికి గుండె వేగం తగ్గి బీపీ ఒక్కసారిగా పడిపోతుంది, కళ్లు తిరగడం అందుకే. ఇది పిరికితనం కాదు, ఒంటి తీరు. దీనికి ఒక చిట్కా ఉంది: తొడలు, పొట్ట, చేతుల కండరాలను పదిహేను సెకన్ల దాకా గట్టిగా బిగించి వదలడం, మళ్లీ బిగించడం. అలా చేస్తే బీపీ పడిపోకుండా నిలబడుతుంది. ఇంట్లో రోజూ నాలుగైదుసార్లు చెయ్యి. ఖాళీ కడుపుతో డ్యూటీకి వెళ్లకు, నీళ్లు బాగా తాగు. మొదట ఫొటోలు, తర్వాత డ్రెస్సింగ్ చేస్తుంటే పక్కన నిలబడటం, అలా మెల్లగా అలవాటు చేసుకో. ట్రైనింగ్ మొదటిరోజే నీ ఇన్‌స్ట్రక్టర్‌కి ఈ మాట చెప్పు, దాచి పెట్టుకుని అసలు కేసులో పడిపోతే పేషెంట్‌కే నష్టం. నా బ్యాచ్‌ల్లో ఇలా చెప్పినవాళ్లు ఉన్నారు, వాళ్లు ఇప్పుడు రోడ్డు ప్రమాదాల్లో గాయం మీద గాజుగుడ్డ పెట్టి, మధ్యలో ఎత్తి చూడకుండా, రెండు చేతులతో నొక్కి పట్టుకుని ఆస్పత్రి దాకా వస్తున్నారు. చేతికి పని ఉన్నప్పుడు కళ్లు తిరగడం చాలా తగ్గిందని వాళ్లే చెప్పారు నాకు.

నోట్‌బుక్‌లో మొదటి పేజీ మీ నాయనమ్మకు ఇవ్వు. ఆవిడ బాగున్న రోజు ఉదయం చెయ్యి పట్టుకుని కూర్చుని పల్స్, ఊపిరి రాసుకో, ఆగకుండా ఎన్ని మాటలు మాట్లాడగలుగుతుందో చూడు. ఆయాసం వచ్చిన రోజు మళ్లీ రాసి రెండూ పక్కపక్కన పెట్టి చూడు. మాట మాటకూ ఆగి గాలి పీలుస్తుంటే, మెడ కండరాలు లోపలికి లాగుతుంటే ఆలస్యం చెయ్యొద్దు. ఇంకా ముఖ్యం, ఛాతీలో పిల్లికూతలు ఉన్నట్టుండి ఆగిపోయి మనిషి మాత్రం మగతగా అయిపోతుంటే తగ్గిందని సంతోషించకు. లోపలికి గాలి పోవడమే ఆగిపోతోంది, వెంటనే 108కి ఫోన్ చెయ్యి.